మూడో మెట్టు

దొరలరేవులో సముద్రాన్ని చంపింది డాక్టర్ శ్రీవల్లభ. ప్రారంభోత్సవానికి ముందు ఒకసారి చూద్దామని, ఎవరికీ చెప్పకుండా రాత్రే స్విచ్ నొక్కాడు.

ఒకప్పుడు సరుకు పడవలు ఆగిన ఆ పాత రాతిరేవు ఇప్పుడు గాజు హోటళ్లు, క్రూయిజ్ ఓడల విడిది. ఓడల్లో వచ్చే షోకిలాల కడుపులో తిప్పకూడదు కదా! అందుకే నీటి అడుగున శ్రీవల్లభ కనిపెట్టిన యంత్రం పెట్టారు. వచ్చే అలకు ఎదురు అల పుట్టించి వెనక్కి తంతుంది. రేవులో నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి. తన్నిన అల మాత్రం ఎక్కడికి పోతుంది? యంత్రం హద్దు బయట కొత్త అలతో కలిసి రెట్టింపవుతుంది. ఆ ముక్క బ్రోచర్‌లో లేదు.

గరికిన ఎర్రమ్మ రోజూ తెల్లవారుజామునే రేవు మెట్లు చూస్తుంది. అలలకు మూడో మెట్టు తడిస్తే ఆ పూట ఎవరూ చేపల వేటకు పోరు. అది ఆమె అత్త, అత్తకు అత్త చేసిన పని. స్విచ్ నొక్కిన మర్నాటి ఉదయం మెట్టు పొడిగా ఉంది.

"ఎల్లండిరా, గంగమ్మ తల్లి సల్లగుంది," అంది. ముందు కదిలింది ఆమె మొగుడు గురయ్య పడవే.

మధ్యాహ్నానికి బయట సముద్రం పిచ్చెత్తింది. తిరిగొస్తున్న పడవలు హద్దు దగ్గర ఫెళ్లున విరిగాయి. పలకలు మనుషుల పొట్టల్లో దిగాయి. రెండు పడవల మధ్య ఒకడి తల నలిగిపోయింది. రేవులో ఆగిన ఓడ డెక్ మీద జనం అదంతా షో అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చేతులు పడిపోను!

ఎర్రమ్మ కంట్రోల్ రూమ్‌లో ఉన్న డాక్టర్ దగ్గరికి దూసుకొచ్చింది.

"మిసను ఆపు బాబూ! మావోలు సచ్చిపోతన్నారు!"

"ఆపితే ఓడ గట్టుకు కొట్టుకుంటుందమ్మా. అందులోనూ మనుషులే ఉన్నారు."

"ఆలు మడుసులు, మావోలు సేపలా?"

ఎర్రమ్మ చేతిలోని లంగరు కొక్కెంతో యంత్రాన్ని నడిపే పెట్టెను బద్దలుకొట్టింది. అడ్డొచ్చిన డాక్టర్ చెయ్యి కూడా విరిగింది. సముద్రం ఒక్కసారిగా లోపలికొచ్చి ఓడను గాజు హోటల్లోకి విసిరింది. గురయ్యను మూడో మెట్టు మీద పడేసింది, కాలు విరిగి, ప్రాణంతో.

కంపెనీ కేసు పెట్టలేదు. ఆ రోజు ఎవరో తీసిన వీడియో చూసి ప్రపంచమంతా దొరలరేవుకు టికెట్లు అడిగింది మరి. యంత్రం బాగుచేశారు. ఇప్పుడు టికెట్ కొన్నవాళ్ల కోసం రోజూ సాయంత్రం హద్దు దగ్గర ఒక పడవ విరుగుతుంది. దాన్ని నడిపేది గురయ్యే. రేవు చుట్టూ వేట నిషేధించాక అతనికి మరో పని దొరకలేదు.

ఎర్రమ్మ తెల్లవారుజామునే మెట్ల దగ్గరికి పోవడం మానలేదు. అక్కడి నుంచే డాక్టర్‌కు ఫోన్ చేస్తుంది.

"బాబూ, ఇయాల అల ఎంతెత్తు లేపుతారు?"

"ఇప్పుడే ఎలా చెప్పనమ్మా? బుకింగ్స్ చూడాలి."