రెండు డొమైన్లు, ఒక గుమ్మడికాయ

"సార్, మీ మాట మొదటి బెంచీ దాటి రావట్లేదండీ!"

గది వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ సుజానా అరిచింది. పదో తరగతి పిల్లలంతా గొల్లుమన్నారు. బోర్డు దగ్గరున్న ఆల్విన్ చేతిలో సుద్ద విరిగింది.

అది అరకులో మిషన్ బడి. సుజానా అక్కడ సైన్సు టీచరు. ఆల్విన్ ఆ ఊరివాడే. హైదరాబాదులో ఒక ల్యాబులో పరిశోధన చేస్తున్నాడు. చర్చిలో కోత పండుగకని సెలవు మీద వస్తే, పిల్లలకు నీ పని గురించి చెప్పు బాబూ అని హెడ్మాస్టరు లాక్కొచ్చాడు.

"ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటే..." అన్నాడు ఆల్విన్, ఇంకా మెల్లగా.

"ఇలా కాదు గానీ, మీరు నాకు చెప్పండి. నేను వాళ్లకి అరిచి చెప్తాను," అంటూ సుజానా ముందుకొచ్చింది.

అతను చెప్పాడు, ఆమె అరిచింది. కణంలో జీన్లన్నీ ఎల్లప్పుడూ పనిచేస్తూ ఉండవు. ఏది ఎప్పుడు పనిచేయాలో చూసేవి ఈ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లు. ఒక్కో ప్రోటీనులో డొమైన్లని భాగాలుంటాయి, దేని పని దానిదే. ఒక డొమైన్ పొడవాటి డీఎన్ఏ మీద తన చోటు వెతికి పట్టుకుంటుంది. ఇంకో డొమైన్, జీనును చదివే యంత్రాన్ని రమ్మని పిలుస్తుంది.

"రెంటినీ విడదీస్తే?" అని అడిగింది సుజానా. ఈసారి పిల్లల కోసం కాదు.

"చోటు పట్టుకున్నది నోరు లేకుండా కూర్చుంటుంది. పిలిచేది ఎక్కడ పిలవాలో తెలీక తిరుగుతుంది. జీను మేలుకోదు. నేను రొట్టెపిండిని పొంగించే ఈస్టులో అలాగే విడదీసి, ఒక్కోదానికి ఒక్కో వేరే ప్రోటీను అతికిస్తాను. ఆ రెండు ప్రోటీన్లూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయనుకోండి, డొమైన్లు మళ్లీ దగ్గరవుతాయి. జీను మేలుకుంటుంది. ఈస్టు నీలంగా మారుతుంది."

"మీకు మారిందా?"

"ఇంతవరకు అన్నీ తెల్లగానే ఉన్నాయండీ."

"పాపం," అంది సుజానా నవ్వు ఆపుకుంటూ.

మర్నాటి నుంచి బడి వదిలే వేళకు ఆల్విన్ గేటు దగ్గర ఉండేవాడు. డొమైన్ల బొమ్మ గీసిన చార్టు ఇవ్వాలని ఒకరోజు, చార్టు తీసుకోవాలని మరొకరోజు. వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూసిన చేల గట్ల మీద ఇద్దరూ నడిచేవాళ్లు. ఆమె మాట్లాడేది. అతను వినేవాడు.

ఒక సాయంత్రం ఆమె ఆగింది.

"పండగెల్లాక నన్ను చూడ్డానికి చింతూరు నుంచి వస్తన్నారు. మా నాన్న ఒప్పేసుకునేలాగే ఉన్నాడు. మీకేటైనా చెప్పాలనుందా?"

ఆల్విన్ నోరు తెరిచాడు.

"మంచు... ఎక్కువగా ఉంది," అన్నాడు.

"అవునండి. మంచే," అని సుజానా చున్నీ తలచుట్టూ లాక్కుని బేగి బేగి వెళ్లిపోయింది.

రాత్రి కంచం ముందు కూర్చున్న కొడుకును చూసి మగ్దలేనమ్మ అడిగింది.

"ఏటిరా, ముద్ద నోట్లో ఎట్టుకుని నమలకుండా కూసున్నావు? తోమా కూతురేనా?"

"నీకెలా తెలుసు?"

"గుళ్లో పాస్టరు గారిని సూడకుండా ఆడోళ్ల వైపు కిటికీని సూత్తే ఎవులికైనా తెలుస్తాది. ఎళ్లి అడగరా."

"నోరు రావట్లేదమ్మా."

"మీ నాన్నకీ రాలేదు. నేనే అడిగినాను," అని ఆమె చారు పోసింది.

కోత పండుగనాడు ఆరాధన అయ్యాక చర్చి ముందు వేలం పాట మొదలైంది. ఎవరి పొలంలో పండింది వాళ్లు దేవుడికి తెస్తారు. వాటిని వేలం వేస్తారు. ఒకటే కట్టుబాటు: ఇచ్చిన ఇంటివాళ్లు తమ కానుకను తాము పాడకూడదు. సంఘ పెద్ద తోమా కోళ్లు, అరటిగెలలు అమ్మేసి, ఓ పెద్ద గుమ్మడికాయ పట్టుకున్నాడు.

"ఇది మా గుంట సుజానా పెంచింది! పాడండి!"

"వంద!" అన్నాడు కిరాణా కొట్టు సన్యాసిరావు. దేవుడు వేరైనా ఏటా ఈ వేలానికి రాకమానడు.

"నూటపది," అన్నాడు ఆల్విన్. గుమ్మడికాయకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు, కానీ కోళ్ల అరుపుల్లో అతని మాట ఎవరికీ వినబడలేదు.

"వంద, ఒకటోసారి!"

"నూటపది."

"వంద, రెండోసారి!"

"నూటపది!" ఆడవాళ్ల వైపు నుంచి అతని పెదాలు చూసి సుజానా అరిచింది.

అందరూ తిరిగి చూశారు.

"ఏటే గుంటా! దేవుడికిచ్చి ఎనక్కి లాక్కుంతావేటి?" అన్నాడు తోమా.

"పాట నాది కాదు నాన్నా, ఆయనది! ఇందాకట్నుంచి పాడతన్నాడు, నీకే ఇనబడ్డం లేదు. నేను నోరిచ్చానంతే."

"మనింటి మనిషి నోటితో పాడితే సెల్లదు."

"సెల్లదు, సెల్లదు! కాయ నాదే," అన్నాడు సన్యాసిరావు.

"మా ఇంటి మనిషైతే చెల్లుతుందా?"

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. రోడ్డు అవతల టీ బడ్డీ దగ్గరున్న వాళ్లు కూడా తొంగిచూశారు. ఆల్విన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు.

"సుజానా ఒప్పుకుంటే, మీరు ఒప్పుకుంటే, మా ఇంటికి పంపండి. అప్పుడైతే చెల్లుతుందా?"

తోమా కూతురి వైపు చూశాడు. "ఏటే?"

ఊరంతా వినేలా మాట్లాడే సుజానా ఇప్పుడు తల మాత్రం ఊపింది.

"సింతూరోళ్లకి నేనేటి సెప్పాల?"

"మాటేటీ ఇయ్యలేదు కదా అన్నయ్యా. నేను సెప్తాను. మా ఇంట్లో అడగడం నా పనే," అంది మగ్దలేనమ్మ.

"నా పాట ఎనక్కి తీసుకున్నానండి. పెళ్లి సామాను మాత్రం మా కొట్లోనే కొనాల," అన్నాడు సన్యాసిరావు.

తోమా కాసేపు గుమ్మడికాయను నిమిరాడు. తర్వాత దాన్ని పైకెత్తి, "నూటపది, మూడోసారి!" అని నవ్వాడు.

కాయ బరువుగా ఉంది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మెట్లు దిగారు.

"ఇప్పుడేటి రంగు సారూ?" అంది సుజానా మెల్లగా. మొదటి బెంచీ కూడా దాటని గొంతు అది.

"నీలం."

ఆమె వెనక్కి తిరిగి, గొంతెత్తి, "నీలమంట!" అని అరిచింది.

పెద్దవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పదో తరగతి పిల్లలు మాత్రం గొల్లుమన్నారు.