అచ్చులో పడ్డ హల్వా

“ఇందుల చక్కెర ఏది? నిన్నే అడుగుతున్న... చక్కెర ఏది?”

రామ్‌దాస్ చేతిలోని ఇత్తడి గిన్నె గోడకు తగిలి ఖంగుమంది! బాదం హల్వా సగం నేలపాలైంది, సగం సుమిత్రమ్మ చీర కుచ్చిళ్ల మీద పడింది. ఆమె కదలలేదు. ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఇంత కోపంగా అరవడం ఇదే మొదలు. తల్లికి తినిపించబోతూ, తీపి సరిపోయిందో లేదో చూద్దామని వేలితో నాలుక మీద రాసుకున్నాడు. అంతే, మొహం ఎర్రబడిపోయింది.

“మా అవ్వకు ఇంత తీపి పెట్టనీకె నీకు చేతులు వస్తలేవా? చక్కెర కార్ఖానాల పనిచేసే కొడుకుండి, నా తల్లి చప్పిడి హల్వా తినాల్నా? ముసల్దాన్ని ఎండబెట్టి సంపుదామనుకుంటున్నవా?”

“అయ్యో, గంత మాట అనకుండ్రి... మీ కాళ్లు మొక్కుత!” అంటూ సుమిత్రమ్మ కూలబడిపోయింది. “డాక్టరు సారు వద్దన్నడు. అత్తమ్మకు షకర్ బీమారి అట. చక్కెర విషమట. ఎన్నిసార్లు చెప్పిన మీకు...”

వసారాలో నులకమంచం మీద నుంచి అత్త వెంకటవ్వ సన్నగా పిలిచింది. “లొల్లి పెట్టకు కొడుకా... నేనే తీపి తగ్గియ్యమన్న.”

“నువ్వు ఊకో అవ్వా! కోడల్ని ఎనకేసుకొస్తవని నాకు తెలుసు” అన్నాడు రామ్‌దాస్. “రేపటిసంది నేనే పొయ్యికాడ నిలబడత. చక్కెర నా చేత్తోని పోస్త. ఎట్ల తగ్గిస్తవో జూస్త!”

ఇంతకీ ఈ హల్వా ఆ ఇంట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందంటారా? చెన్నపట్నం నుంచి వచ్చింది! నెలకొకసారి టపాలో వచ్చే ఒక ఆడవాళ్ల పత్రికలో కూర్చుని వచ్చింది. బోధనులో చక్కెర కార్ఖానా పెట్టి ఇంకా రెండేళ్లు కాలేదు. అక్కడ చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర రామ్‌దాసుకు గుమాస్తా పని దొరికింది. పెద్ద గుమాస్తా ఇంట్లో ఆ పత్రిక చూసి వచ్చాడు. ఇంకేం, తన ఇంటికీ రావాల్సిందే అన్నాడు! సుమిత్రమ్మకు అక్షరం ముక్క రాదు. ఆయన వంటింటి గడపలో పీట వేసుకుని చదువుతాడు, ఆమె పొయ్యి ఊదుకుంటూ వింటుంది. చదివింది చదివినట్టు వండాలి. “సామాన్య గృహిణులు సులభముగా చేసికొనదగిన బాదం హల్వా. నీరసించిన రోగులకు మిక్కిలి బలకరము” అని ఉంది అందులో. పావుసేరు బాదంపప్పు, పావుసేరు నెయ్యి, అరసేరు చక్కెర, పైన కుంకుమపువ్వు! అమ్మా తల్లీ, సామాన్య గృహిణి అంటే ఎవరో ఆ రాసిన మహాతల్లికే తెలియాలి! ఆమె మంచి మనసుతోనే రాసి ఉంటుంది, నేను కాదనను. వాళ్లింట్లో బాదంపప్పు డబ్బా నిండా ఉంటుంది కాబోలు. కాంటా గుమాస్తా ఇంట్లో మాత్రం ఆ హల్వా రెండుసార్లు వండితే నెల ఇరవయ్యో తేదీకి జొన్నల కుండ అడుగు కనిపిస్తుంది. ఆ కుండలోకి చేయి పెట్టేది ఆడది గాని పత్రిక కాదు కదా!

రామ్‌దాస్ చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు! చిన్నప్పుడే తండ్రి పోతే వెంకటవ్వ చెరుకు తోటల్లో కూలికి పోయి వాణ్ణి పెంచింది. బెల్లం వండే చోట పెనం అంచుకు అంటుకున్నది గీకి, ఆకులో చుట్టి కొడుక్కు తెచ్చేది. తాను నాలుక మీద పెట్టుకునేది కాదు. “పెద్దగయినంక నీకు తెల్ల చక్కెర తినిపిస్తనే అవ్వా” అని ఏడేళ్లప్పుడు అన్న మాట వాడు మరిచిపోలేదు. ఇప్పుడు కార్ఖానా నుంచి తన వంతు చక్కెర మూట తెచ్చుకుంటున్నాడు, తల్లి ఎదురుగా ఉంది, ఇక ఆగుతాడా?

పోయిన కార్తీకంలో వెంకటవ్వ పాదంలో చెరుకు మోడు గుచ్చుకుంది. చిన్న పుండే. పసుపు పెట్టినా మానలేదు, ఆకు కట్టినా మానలేదు. కార్ఖానాలో చెరుకు గానుగాట రోజులు కాబట్టి రామ్‌దాసుకు సెలవు దొరకలేదు. పక్కింటి పెంటవ్వను తోడు తీసుకుని సుమిత్రమ్మే అత్తను మోటారు ఎక్కించి నిజామాబాదు దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరు అన్నీ పరీక్ష చేసి, చక్కెర, బెల్లం, వరి అన్నం బందు పెట్టమన్నాడు. జొన్న రొట్టె, ఆకుకూర, పలుచటి మజ్జిగ పెట్టమన్నాడు. కానీ కాగితం మీద మందుల పేర్లు తప్ప ఈ మాటలు రాయలేదు. ఆమె ఇంటికి వచ్చి చెబితే రామ్‌దాస్ నవ్వాడు.

“చక్కెరతోని రోగమా? దినాం చక్కెర బస్తాల నడుమ తిరుగుతున్న, నాకు రాలే! సాహెబులు తింటున్నరు, దొరలు తింటున్నరు. మా అవ్వకొక్కదానికే పడదా? డాక్టరు చెప్పిండంటవు, కాగితం మీద ఏది? నాకు ఇగో, అచ్చుల ఉన్నది!”

అచ్చులో ఉన్న మాట ముందు అక్షరం రాని పెండ్లాం మాట ఎంత! ఖర్చు తప్పించుకోవడానికి ఆమె కథలు చెబుతోందన్న అనుమానం ఆయన మనసులో నాటుకుపోయింది. అందుకే ఆ చప్పిడి హల్వా చూసి అంత మండిపోయాడు.

మర్నాటి నుంచి అన్నంత పనీ చేశాడు. పొద్దుగూకే ముందు ఇంటికి వచ్చి, చొక్కా విప్పకుండానే పొయ్యి దగ్గర నిలబడేవాడు. అప్పు చేసి బాదంపప్పు తెచ్చి, చక్కెర తానే కొలిచి పోసేవాడు. తల్లిని లేపి గోడకు ఆనించి, ముద్ద ముద్దగా నోట్లో పెట్టేవాడు. “ఎట్లుందే అవ్వా?” అని అడిగితే “మంచిగుంది బిడ్డా” అని ఆమె మింగేది. ఆ ముద్ద మింగుతూ వెంకటవ్వ కోడలి వంక ఒక చూపు చూసేది. నోరు విప్పకు అని బతిమాలే చూపు అది! సుమిత్రమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఆ ముద్దలు లెక్కపెట్టేది.

ఒకరోజు ఆగలేక ఆయన కాళ్లకు అడ్డం పడింది. “నన్ను కొట్టుండ్రి, తిట్టుండ్రి... గా ఒక్క ముద్ద పెట్టకుండ్రి! పుండు వాసనొస్తున్నది. దవాఖానకు నడువుండ్రి, మీ చెవులతోని మీరే ఇనుండ్రి!”

“గానుగాట అయినంక పోదాం. ఇంకొక్క మాట మాట్లాడితే నిన్ను ఎడపల్లికి తోలుత!”

ఎడపల్లి ఆమె పుట్టిల్లు. అమ్మానాన్నలు లేరు, అన్న ముత్తన్న ఉన్నాడు. పోతే ఒక మూల చోటిస్తాడు, కాదనడు. కానీ తాను పోతే? పొద్దున ఆయన డ్యూటీకి పోగానే అత్తకు రెండు జొన్న రొట్టెలు, తోటకూర పెట్టేదెవరు? పుండు కడిగేదెవరు? పగలంతా ఈమె కాపాడుకొచ్చిన ప్రాణాన్ని పొద్దుగూకేసరికి ఆయన గిన్నెతో తోడేస్తున్నాడు. ఈ పగటి పూట కూడా లేకపోతే ముసలిదాని గతి ఏమిటి? పోవడానికి దారి ఉండీ పోలేక, ఉండి కూడా ఏమీ చేయలేక, సుమిత్రమ్మ ఆ వంటింటి నాలుగు గోడల మధ్య తిరిగి తిరిగి అలిసిపోయింది... భగవంతుడా, ఆడదానికి ఇలాంటి చెర ఎందుకు పెట్టావయ్యా!

మూడు వారాలు తిరిగేసరికి వెంకటవ్వ కాలి వేళ్లు నల్లబడ్డాయి. ఒళ్లు కాలిపోయే జ్వరం, పిలిస్తే పలకదు. అప్పుడు బెదిరిపోయాడు రామ్‌దాస్! ఎడపల్లికి కబురు పంపితే ముత్తన్న బండి కట్టుకుని వచ్చాడు. ముగ్గురూ కలిసి ఆమెను నిజామాబాదుకు చేర్చారు.

డాక్టరు దుప్పటి తీసి చూసి, సుమిత్రమ్మను గుర్తుపట్టాడు. “ఏమమ్మా! చక్కెర బందు పెట్టమని నీకు చెప్పిన్నా లేదా? ఎవరు పెట్టిండ్రు ఈమెకు తీపి? కాలు చచ్చిపోయింది. ఇయ్యాలనే తియ్యకపోతే ప్రాణం దక్కదు!”

రామ్‌దాస్ మొహంలో నెత్తురు లేదు. సుమిత్రమ్మ ఆయన్ను చూసింది. నలుగురిలో ఆయన తల వంగిపోవడం ఆమె చూడలేకపోయింది.

“నేనే పెట్టిన సారూ... తెలువక పెట్టిన.”

“నీ చేతులు ఇరగ!” అని ముత్తన్న తల కొట్టుకున్నాడు. “తల్లి తీర్గ చూసుకునే అత్తకు గింత పని జేస్తవా? మన ఇంటి పేరు తీస్తివి గదనే!”

మంచం మీద కదలిక కనిపించింది. వెంకటవ్వ కళ్లు తెరిచింది. ఓపిక లేకున్నా ఆమె చేయి కోడలి కొంగును వెతికి పట్టుకుంది.

“దాన్ని తిట్టకు ముత్తన్నా... గది నిప్పసొంటి పిల్ల. డాక్టరు చెప్పంగ నేను గూడ ఇన్న. నా కొడుకు చేత్తోని పెడ్తుంటె వద్దననీకె నాకు నోరు రాలే. వాని మొఖంల సంబురం జూసి మింగిన. అది దినాం మొత్తుకున్నది రా కొడుకా... అది చెప్పింది నిజం. నేనే... నేనే దాని నోరు మూపిచ్చిన.”

“అవ్వా!” రామ్‌దాస్ తల్లి కాళ్ల దగ్గర కుప్పకూలిపోయాడు. “నేను సంపిన్నే నిన్ను! అచ్చుల ఉన్నది గదా అని... రోగులకు బలమని రాసిండ్రు గదా అని...”

డాక్టరు మెత్తగా అన్నాడు. “రాసినామెకు మీ అవ్వ రోగం తెలుసునా? మీ ఇంట్ల ఎంత వస్తది, ఎంత పోతది తెలుసునా? ఎవరికి ఏం పడ్తదో దినాం చూసి వండేది ఈమె. పత్రికను అడిగినవు గాని, ఈమెను ఒక్కసారన్న అడిగినవా?”

ఆ రోజే వెంకటవ్వ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ప్రాణం దక్కింది.

నెల తర్వాత ఇంటికి వచ్చారు. కోడలు చక్కెర పెట్టి అత్త కాలు తీయించిందట అన్న మాట వాళ్లకంటే ముందే బోధనుకు చేరింది. దవాఖానలో ఎవరు విన్నారో, ఎవరు మోశారో! నీళ్లకు పోతే ఆడవాళ్లు చూపులు తిప్పుకునేవారు. పెంటవ్వ ఒక్కతే ఆమె బిందె ఎత్తి నెత్తిన పెట్టేది. “అందరికీ నిజం చెప్త” అని రామ్‌దాస్ లేచాడు. సుమిత్రమ్మ వద్దంది. “నలుగుట్ల తిరిగేటోళ్లు మీరు. చెప్తే పోయిన కాలు వస్తదా?” అంది. తిరుగుతూ తిరుగుతూ ఆ మాటే పాతబడుతుందిలే అనుకుంది. అది పాతబడలేదు, ఆమే అలవాటు పడింది.

ఆ నెల పత్రిక టపాలో వచ్చింది. రామ్‌దాస్ దాన్ని పొయ్యిలో పెట్టబోతే ఆమె ఆపింది. ఆయన చదువుతుంటే, “గిది అత్తమ్మకు పడది. గిది పిరం, అన్ని పైసలు లేవు. ఇగో, గీ పెసర్ల పచ్చడి చేసుకోవచ్చు, నెయ్యి లేకుంట” అని ఒక్కొక్కటే చెప్పింది. పత్రిక మొత్తంలో వాళ్లింటికి పనికొచ్చేది అదొక్కటే తేలింది.

ఆ మధ్యాహ్నం సుమిత్రమ్మ జొన్న రొట్టెలు చేసి, అత్తకు ముక్కలు తుంచి తినిపించి, ఆయన ముందు కంచం పెట్టింది. రెండు రొట్టెలు, ఇంత పెసర పచ్చడి. ఆయన ఒక ముక్క తుంచి, నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

“నువ్వు తిన్నవా?”

ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగని మాట! ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. ఆ వెంటనే, “తిన్న” అంది.

మంచం మీద నుంచి వెంకటవ్వ గొంతు లేచింది. “అబద్ధం రా! పిండి అయిపోయింది, నేను జూసిన. నెలాఖరు వస్తే అది గంజి తాగి పండుకుంటది. ఇన్నొద్దులు నాకు తెలిసీ నేను గూడ అడగలే...”

రామ్‌దాస్ కంచం ఆమె ముందుకు జరిపాడు. “మీరు తినుండ్రి, మళ్ల డ్యూటీకి యాళ్లయితున్నది” అంటూ ఆమె వెనక్కి జరిపింది. ఆయన మళ్లీ జరిపి, ఒక రొట్టె తుంచి పచ్చడిలో అద్ది, ఆమె నోటి దాకా తెచ్చాడు. సుమిత్రమ్మ తల తిప్పుకోవాలనుకుంది. తిప్పుకోలేకపోయింది. కళ్ల నీళ్లు చెంపల మీద కారుతుండగా, మనసారా ఏడుస్తూ, ఆ ఎండు రొట్టె నమిలింది.