పక్కమాటలు వినని మైకు

బాబాయి ఆ మైకును చంటిపిల్లలా మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. రికార్డింగు గదిలో బల్ల మీద పెట్టి, గుడ్డ విప్పి, సౌండు అబ్బాయి ముఖంలో భక్తి ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాడు.

“మంచి మైకేనండీ. కానీ ఈవిడ గొంతుకి పనికిరాదు,” అన్నాడు సౌండు అబ్బాయి.

అమ్మకూ అత్తయ్యకూ మధ్య కూర్చున్న పిచ్చుక తలెత్తి చూసింది. గొంతు చిన్నదని ఇంట్లో వాళ్ళు ఆమెకు పెట్టిన పేరది. ఇంతవరకూ తప్పు గొంతుదే అన్నవాళ్ళు తప్ప, మైకుదన్నవాడు ఆమెకు తగల్లేదు.

బాబాయికి తగలాల్సిన చోటే తగిలింది. వీడియోలు చూసిచూసి మైకుల మీద పరిశోధన చేసినంత పని చేసిన మనిషాయన. ఎంతెంత పెద్ద గాయకులు ఈ మైకులో పాడతారో తెలుసా అని నిలదీశాడు.

“పాడతారండీ. వాళ్ళ చెప్పులు కూడా ఈవిడకి సరిపోవు కదా.”

పిచ్చుకకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకుంది. మార్చిన సంగతి సౌండు అబ్బాయికి తెలిసిపోయింది.

నిజానికి ఆ రోజు నవ్వుకునే రోజు కాదు. పేరున్న ఒక సంగీత బృందానికి సాయంత్రం అయిదింటిలోగా ఒక్క పాట రికార్డు చేసి పంపాలి. పోయినసారి బాబాయి మైకులోనే పాడి పంపితే, ఈల ఎక్కువ, పాట తక్కువ అని తిప్పికొట్టారు. ఈసారీ కాదంటే సోమవారం నుంచి పెదనాన్న టైల్స్ కంపెనీలో బిల్లుల సీటు. ఆ కుర్చీ మీదికి అమ్మ అప్పుడే దిండు కూడా కుట్టించి ఉంచింది.

బాబాయి మాట కాదనలేక ఆ మైకులోనే ఒక ముక్క పాడించి వినిపించాడు సౌండు అబ్బాయి. ‘స’ వచ్చినప్పుడల్లా కుక్కరు కూత వేసింది. దానికి తోడు అత్తయ్య గాజులు, బాబాయి జేబులో తాళాలు, నోరింకాస్త తెరవమని అమ్మ చెప్పిన సలహా, అన్నీ పూసగుచ్చినట్టు వినిపించాయి. తన గాజులు అంత బాగా పలికినందుకు అత్తయ్య మురిసిపోయింది.

పెద్దవాళ్ళు కాసేపు మెట్ల మీద కూర్చుంటారా అని అడిగి చూశాడతను. పిల్లను ఇంతదాన్ని చేసింది మెట్ల మీద కూర్చోవడానికి కాదని అమ్మ జవాబు. కళ్ళజోళ్ళ షాపు పైన ఉన్నదే ఒక్క గది. గోడల నిండా దుప్పట్లు, మధ్యలో మైకు, మూలన అతని మిషన్లు. ముగ్గురూ బైఠాయించారు.

సౌండు అబ్బాయి వాళ్ళనొకసారి పరకాయించి చూసి, బీరువా తెరిచి, బల్లపరుపుగా ఉన్న మరో మైకు తీశాడు. లోపల ఊదితే చిరిగేంత పల్చటి రేకు ఉంటుందట. ముందువైపు వింటుంది, వెనకవైపు వింటుంది. రెండు పక్కలా పుట్టు చెవుడు. గొంతులో పదును తగ్గిస్తుంది కానీ గరుకును చెరపదు.

అమ్మను ఒక పక్క, బాబాయిని, అత్తయ్యను రెండో పక్క కూర్చోబెట్టాడు. పిచ్చుకను పాడమని, పెద్దవాళ్ళు ముగ్గురినీ ఒకేసారి మాట్లాడమన్నాడు. ఆ ఇంటివాళ్ళకు ఇంత తేలికైన పని ఎవరూ ఎప్పుడూ చెప్పి ఉండరు.

తర్వాత వినిపిస్తే పిచ్చుక ఒక్కతే ఉంది. మిగతా ముగ్గురూ ఎక్కడో పక్కవీధిలో గొణుక్కుంటున్నట్టున్నారు. తన మాట ఒక్కటీ పడలేదని అత్తయ్య నొచ్చుకుంది. పిచ్చుక మాత్రం ఆ గొంతునే వింటూ ఉండిపోయింది. చివర్లో సన్నటి గరుకు. ఇంట్లో అందరూ జలుబనుకునేది.

“అది పోగొట్టకండి. పాట ఉన్నదే అందులో,” అన్నాడు అతను నెమ్మదిగా.

మైకు దొరికింది. పాటే కుదరలేదు. మైకుకి వినపడకపోయినా పిచ్చుకకు అందరూ వినపడుతూనే ఉన్నారు. పల్లవి ఎత్తుకోగానే బాబాయి శ్రుతి పెంచమని వేలు లేపేవాడు. చరణంలో అమ్మ నిట్టూర్చేది. వంగి నిలబడితే ఎలా అని అత్తయ్య గుసగుస. పాడేకొద్దీ గొంతు ఉడిగిపోతోంది. అయిదు దగ్గరపడుతోంది.

మైకు వెనక మరో దుప్పటి కడితే బాగుంటుందని సౌండు అబ్బాయి హెడ్‌ఫోన్లు తీయకుండానే అటు వెళ్ళాడు. ఆ హెడ్‌ఫోన్లలో మైకుకి వినపడిందే అతనికి వినపడుతుంది. ముందు పిచ్చుక, వెనక తను. పక్కలనున్న ముగ్గురు పెద్దవాళ్ళూ అతని లెక్కలో ఈ లోకంలోనే లేరు. పైగా చెవులు మూసుకున్న వాళ్ళందరిలాగే గుసగుస అనుకుంటూ గదంతా మోగేలా మొదలుపెట్టాడు.

“ఒక మాట చెప్పాలండీ. వాళ్ళకి వినపడదులెండి.”

హెడ్‌ఫోన్లు తీయమని చెవులు చూపించి ఆపొచ్చు. పిచ్చుక చెయ్యి సగం దాకా లేచింది కూడా. ఎందుకో దారి మార్చుకుని, వెంట్రుకలు సర్దుకుని దిగిపోయింది.

“ఈ పాట తీసుకుంటే మీరు ఆ బృందంతో ఊళ్ళు తిరుగుతారు. తీసుకోకపోతే టైల్స్ బిల్లులు రాసుకుంటారు. ఎటైనా ఇక్కడికి మళ్ళీ రారు. పొద్దున మెట్లెక్కుతూ కూనిరాగం తీశారు చూడండి, అప్పట్నుంచీ నా బుర్ర నా దగ్గర లేదు. మీరంటే ఇష్టమండీ. పాటయ్యాక చెబితే పాట చూసి చెప్పాననుకుంటారు. అందుకని ఇప్పుడే చెబుతున్నా. ఇంక హాయిగా పాడండి.”

సలహా కోసం తెరిచిన అమ్మ నోరు తెరిచినట్టే ఉంది. బాబాయి వేలు గాల్లోనే ఉంది. అత్తయ్య గాజులు కదలకుండా రెండో చేత్తో పట్టుకుంది.

అతను పక్కకు చూశాడు. మెల్లగా ఒక చెవి మీంచి హెడ్‌ఫోను జరిపాడు.

“విన్నారా?”

“కింద కళ్ళజోళ్ళాయన కూడా విన్నాడు బాబూ,” అంది అమ్మ.

పిచ్చుక మైకు ముందుకు జరిగింది. “రికార్డు నొక్కండి. మావాళ్ళు ముగ్గురూ ఒకేసారి నోరు మూసుకోవడం నేను పుట్టాక ఇదే మొదలు. మళ్ళీ దొరకదు.”

అతను మూలకెళ్ళి నొక్కి, మళ్ళీ దుప్పటి దగ్గరికే వచ్చాడు. ఆమె పాడింది. వేలు చూసి కాదు, నిట్టూర్పు విని కాదు. గరుకు ఉన్నచోట గరుకుగా, దాచుకోకుండా, ఎదురుగా దుప్పటి పట్టుకుని నిలబడిపోయిన మనిషికి చెబుతున్నట్టు పాడింది. అయిదు కొట్టకముందే పాట వెళ్ళిపోయింది.

అప్పుడు లేచాయి నోళ్ళు. అత్తయ్య అతని తాతముత్తాతల దాకా ఆరా తీసింది. బాబాయి ఆస్తిపాస్తుల కింద మైకుల జాబితా అడిగాడు. అమ్మ కూతురి ముఖం చూస్తూ కూర్చుంది. పిచ్చుక మాత్రం, పాట సంగతి తేలాకే తన సంగతి అని చెప్పి మెట్లు దిగింది.

తేలేదాకా అతనికి కాలు నిలవలేదు. బాబాయి మైకుకి మంచి వైరు వేస్తానని ఇంటికొచ్చాడు. వేసిన వైరు మారుస్తానని మళ్ళీ వచ్చాడు. అలా మార్చిన వైరును పరీక్షిస్తూ హాల్లో నేల మీద కూర్చున్న రోజునే ఫోను మోగింది.

స్పీకరులో బృందం నడిపే ఆవిడ. పాట తీసుకున్నామంది. పోయినసారి గొంతూ ఇదేనట కదా, మరి ఏ మైకులో పాడావమ్మా, మేమూ అదే తెప్పిస్తాం అంది.

పిచ్చుక అమ్మ వైపు చూసింది. అమ్మ నేల మీదున్న మనిషి వైపు గడ్డంతో చూపించి, కానివ్వు అన్నట్టు తలూపింది.

“ఆ మైకు ఒక్కటే రాదండీ. పెట్టే మనిషితో కలిపే వస్తుంది,” అంది పిచ్చుక.

సౌండు అబ్బాయి చేతిలోంచి వైరు జారిపోయింది.

మనిషి ఎలాంటివాడని అటునుంచి ప్రశ్న.

“గుట్టు దాచలేడండీ. మిగతాదంతా బానే ఉంది.”