ఏకాదశి నాడు వణకని చెయ్యి

జమ్మలమడుగు నుంచి శ్యామలమ్మ మొదటి బస్సుకే వచ్చి దిగిందంటే ఊరకే వచ్చి ఉండదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె రామకృష్ణయ్యకు అక్క. ప్రొద్దుటూరులో తమ్ముడు నడిపే బట్టల అంగడి కంటే, తమ్ముడి కూతురు పూజ ఏం చేస్తోందన్న దాని మీదే ఆమె చూపంతా. పూజ దోసె తుంచి నోట్లో పెట్టుకుంటూ ఉండగా శ్యామలమ్మ చెప్పులు విడిచి, కాళ్లయినా కడుక్కోకుండా నట్టింట్లో చతికిలబడింది.

“ఏం పాపా, మొన్న మంగళవారం పొద్దున్నే హబీబుల్లా మటన్ అంగడి ముందర ఏం పని నీకు?”

వంటింట్లో అమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. అద్దం ముందు బొట్టు పెట్టుకుంటున్న రామకృష్ణయ్య వెనక్కి తిరిగాడు.

“మా ఆడబిడ్డ కొడుకు కండ్లారా చూసినాడంట. ఫ్లాస్కులో ఏందో వేయించుకొని బస్సెక్కినావంట. వాడు చెప్తాంటే నాకు తలకాయ యాడ పెట్టుకోవల్లో తెలీలేదు.”

తప్పించుకోవాలంటే పూజకు నూరు అబద్ధాలు దొరికేవి. కానీ ఏడాదిగా దాచి దాచి ఆమెకూ విసుగొచ్చింది. తనేమన్నా దొంగతనం చేస్తోందా?

“మేక ప్రేగు అత్తా. వారం వారం ఐసులో పెట్టుకొని తీసకపోతాండా,” అంది.

“ఏందీ?” అన్నాడు రామకృష్ణయ్య.

“పులివెందుల కాలేజీలో నా పరిశోధనకు నాయనా. మింగిన మందు ప్రేగు గోడ దాటి నెత్తురులోకి పోవల్ల. పోలేదంటే మింగీ దండగే. ఎంత పోతాదో చూడల్లంటే ప్రేగు కావల్ల గదా? దాన్ని కడిగి, లోపలి పక్క బయటికి తిప్పి, దారంతో కట్టి, మందు కలిపిన నీళ్లలో పెడతాం. లోపలికి ఎంత దిగిందో కొలుస్తాం.”

“చాలు! కోడిగుడ్డు పేరు గూడా ఎత్తని ఇల్లు ఇది. ఆ చేతుల్తోనే వచ్చి మీ జేజికి అన్నం పెడతాండావా?” అని అరిచాడు రామకృష్ణయ్య.

“ఆ చేతుల్తోనే. కడుక్కొని పెడతాండా.”

అసలు పూజ ఈ దారి పట్టిందే ఆ జేజి వల్ల. రామకృష్ణయ్య తల్లి ఓబులమ్మకు చేతులు వణికే జబ్బు. గ్లాసు ఎత్తితే సగం నీళ్లు ఒళ్లోనే పడేవి. ఏకాదశి నాడు మాత్రం ఆ చెయ్యి వణికేది కాదు. స్వామి మహిమ అని రామకృష్ణయ్య ప్రతి ఏకాదశికీ టెంకాయ కొట్టేవాడు. అప్పట్లో బి.ఫార్మసీ చదువుతున్న పూజకు మాత్రం ఆ మహిమ నెలకు రెండుసార్లే ఎందుకు వస్తోందని అనుమానం. మిగతా రోజుల్లో జేజి పప్పన్నంతో మాత్ర మింగేది, ఏకాదశి నాడు ఉపవాసం కాబట్టి ఉత్త కడుపున మింగేది. పుస్తకాలు తిరగేస్తే సంగతి తేలింది. పప్పులోని సత్తువా ఆ మందూ ప్రేగులో ఒకే దారిన దూరాలని తోసుకుంటాయి, మందు వెనకబడిపోతుంది. డాక్టరుతో మాట్లాడి, మాత్రను అన్నానికి ముందుకూ పప్పును రాత్రికీ మార్పించింది. జేజి కుదురుగా గ్లాసెత్తిన రోజున పూజ బాత్‌రూంలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. చదివితే ఇదే చదవాలని అప్పుడే తీర్మానించుకుంది.

“ఈ పొద్దుతో నీ కాలేజీ బంద్. కాదంటే ఆ ప్రేగులు పట్టుకొని యాడికన్నా పో. మళ్లీ ఈ గడప తొక్కొద్దు,” అన్నాడు రామకృష్ణయ్య.

పూజ లేచి నిలబడింది.

“పోతా నాయనా. చదువు మాత్రం మానను. దినామూ తీర్థం తాగి గ్యాసుకు గొట్టం మాత్ర మింగుతావే, దాని తొడుగు దేంతో చేస్తారో తెలుసా? జంతువుల ఎముకల జిగురుతో. నీ మనసు నొచ్చుకుంటాదని రెండేండ్లుగా నోరు మూసుకున్యా. నీ కడుపులోకి పోయేది తప్పు కాదు, నా ఫ్లాస్కులో ఉండేది తప్పా?”

రామకృష్ణయ్య కుర్చీలో కూలబడ్డాడు. శ్యామలమ్మ తనకు తెలియకుండానే తన సంచి తడుముకుంది. అందులోనూ అదే మాత్ర ఉంది.

లోపలి గదిలోంచి ఓబులమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది.

“రామకృష్ణా, ఏకాదశి ఎప్పుడొస్తాదా అని నేను ఎందుకు కాసుకొని ఉంటాంటినో తెలుసా? ఆ ఒక్క పొద్దే నా తల నేను దువ్వుకునేది. మిగతా దినాలు నీ పెండ్లాం దువ్వుతాంటే సిగ్గుతో సచ్చిపోతాంటి. మీకెవురికీ చెప్పలే. ఇప్పుడు దినామూ నేనే దువ్వుకుంటాండా. ఈ పిల్లను ఎల్లగొడితే నన్నూ దాని ఎంబడే పంపీ. ఆ ఫ్లాస్కు నేను మోస్తా.”

శ్యామలమ్మ కాఫీ అయినా తాగకుండా తిరుగు బస్సెక్కింది. రామకృష్ణయ్య గ్యాసు మాత్ర ముట్టుకోలేదు, కూతురితో మాట్లాడలేదు. తేన్పులతో వారమంతా అవస్థపడ్డాడు. పూజ కాలేజీకి పోతూనే ఉంది, ఆయన వద్దననూ లేదు.

మంగళవారం పొద్దున పూజ ఫ్లాస్కు తీసుకొని బయటికొచ్చేసరికి, ఆయన స్కూటర్ స్టార్ట్ చేసుకొని ఉన్నాడు. ఆమె వెనక కూర్చుంది. హబీబుల్లా అంగడికి ఎదురు పక్కన బండి ఆపి, మొహం తిప్పుకొని నిలబడ్డాడు. పూజ పని ముగించుకొని రోడ్డు దాటుతూ ఉండగా బట్టల బజారు సాయినాథ్ బండి ఆపాడు.

“ఏంది రామకృష్ణయ్య మామా, నువ్వు ఈడ?” అని నవ్వాడు.

రామకృష్ణయ్య మొహం ఎర్రబడింది. పూజ అడుగు ఆగిపోయింది.

“మా పాప మందుల మీద పరిశోధన చేస్తాంది,” అన్నాడాయన, రోడ్డంతా వినిపించేట్టు. “దానికి మేక ప్రేగు కావల్ల. తీసకపోదామని వచ్చినా. బజారంతా చెప్పుకో పో, మా అక్కకు గూడా ఫోన్ చేసి చెప్పు.”

సాయినాథ్ నవ్వు మాయమైంది. రామకృష్ణయ్య చెయ్యి చాపి కూతురి చేతిలోంచి ఫ్లాస్కు తీసుకున్నాడు. పట్టుకునేటప్పుడు ఒక్కసారి కళ్లు మూసుకున్నాడు గానీ, పట్టు వదల్లేదు. పూజకు కళ్ల నీళ్లు ఆగలేదు.

“ఏడుపు తర్వాత,” అన్నాడు. “ఐసు కరిగిపోతాది. ఎక్కు పాపా, బస్సు పోతాది.”