కోడలి బూజు, మామయ్య మందు

ఆమె పరుగున వెళ్ళేసరికి మామగారు క్యాబేజీ మడిలో బోర్లా పడి ఉన్నారు! నోటి వెంట నురగ... వీపు మీద స్ప్రేయర్! ఆ ఘాటు వాసన ఆమెకు కొత్తదా? రెండేళ్ళ క్రితం పురుగుమందు కొడుతూ ఆమె భర్త కూలి ప్రాణం విడిచింది ఈ చేలోనే!

ఆ రోజే ఆమె ఒట్టు పెట్టుకుంది, ఈ ఇంట్లోకి ఇక విషం రానివ్వనని. శిక్షణకు వెళ్ళి, పురుగుల్ని చంపే తెల్లబూజును పెంచడం నేర్చుకుంది. పెరటిగదిలో ఉడికించిన జొన్నల మీద దాన్ని పెంచి, నీళ్ళలో కలిపి ఆకుల మీద చల్లేది. వారం పదిరోజుల్లో బూజు పట్టి పురుగులు చచ్చేవి. వీధి వీధంతా ఆమెను 'బూజమ్మ' అని ఎగతాళి చేసినా, మామగారు మాత్రం ఏనాడూ నవ్వలేదు.

కానీ బూజుకు తేమ కావాలి. ఈ ఏడు మంచు చుక్కయినా లేదు... రెండుసార్లు చల్లినా పురుగులు ఆకుల్ని జల్లెడ చేస్తూనే ఉన్నాయి. "ఇంకో నాలుగు రోజులు చూద్దాం మామయ్యా," అంటూ నెట్టుకొచ్చిందే గానీ, ఓడిపోయానని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు!

ఆసుపత్రిలో డాక్టరు పెదవి విరిచాడు. మూడోరోజు మామగారు కళ్ళు తెరిచారు.

"పురుగులు... పోయాయా తల్లీ?"

"పోయాయి మామయ్యా! ఎందుకు చేశారీ పని?"

"నీ బూజుకే చచ్చాయనుకుంటావని... చాటుగా కొట్టాను. ఎవరికీ చెప్పకు..."

మంచం పక్కనే ఉన్న అత్తగారు కూడా వింది. అవే ఆయన ఆఖరి మాటలు!

వారం తిరక్కుండానే పక్కింటి ఇల్లాలు వచ్చింది. "వదినా, మీ చేలో ఒక్క పురుగు లేదట! ఎగతాళి చేశాను, మనసులో పెట్టుకోకు. నాకూ ఆ బూజు ఇవ్వు. మా ఆయన చేత ఇక విషం ముట్టించను!"

అత్తగారు గుమ్మంలో నిలబడి కళ్ళతోనే బతిమాలింది... చెప్పకమ్మా!

"బూజు కాదు వదినా... మామయ్య కొట్టిన మందు. ఈ ఎండలకు బూజు బతకదు."

ఆవిడ మొహం మాడిపోయింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

"ప్రాణం పెట్టి దాచిన మాటే! నిమిషంలో బయటపెట్టేశావా?" అత్తగారు బావురుమంది.

"ఆయన ప్రాణాన్ని నా గొప్పగా ఎలా చెప్పుకోను అత్తయ్యా?"

అత్తగారు దగ్గరకు వచ్చి కూర్చుంది. కోడలి తలను ఒళ్ళోకి లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే పక్కింటాయన స్ప్రేయర్ తగిలించుకుని వీధిలోకి వచ్చాడు. ఆమె తువ్వాలుతో పరుగెత్తింది.

"అన్నయ్యా! కనీసం ముక్కుకు కట్టుకో... గాలికి ఎదురుగా కొట్టకు!"

"అలాగేలేమ్మా," అని నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని ఆయన చేను వైపు వెళ్ళిపోయాడు...