అరువు చక్రాలు

నీలవాయి వాహన యోగ్యతా కేంద్రం తలుపు మీద ‘సర్దుబాటులో ఉంది, శుక్రవారం రండి’ అన్న పలక వెలుగుతోంది. మోక్షిత బస్సు దిగకుండానే దాన్ని చదివింది. నిన్న కొండాయిగూడెంలోనూ ఇదే పలక, రోజు పేరు ఒక్కటే వేరు. జిల్లాలో ఉన్నవి మూడే కేంద్రాలు. ఇక మిగిలింది రేగులపాడు. యాభై రెండు కిలోమీటర్లు.

బస్సు యోగ్యతా పత్రం ఆ సాయంత్రం ఆరింటితో ముగుస్తుంది. ఆ తర్వాత మోటారు తిరగదు. 2071లో చట్టం మోటారులోనే కూర్చుని ఉండేది. గడువు దాటిన బండిని ఎవరూ ఆపనవసరం లేదు, అదే ఆగిపోతుంది. మోక్షిత బస్సు ఆగితే కిన్నెరసాని అవతలి గూడేల నుంచి బడికి వచ్చే ఇరవై ఆరు మంది పిల్లలు ఇళ్లలో ఉండిపోతారు. ఆ దారిలో మరో బస్సు లేదు.

ఆమె రేగులపాడు చేరేసరికి మూడున్నర అయింది. కేంద్రం తెరిచే ఉంది. ముందు పదకొండు బండ్లున్నాయి.

అక్కడ బండిని పరీక్షించేది లోహస్మృతి యంత్రం. జనం దాన్ని ‘చెవి’ అంటారు. వెనకటి కాలంలో పరీక్ష రోజున మంచి టైర్లు, మంచి బ్రేకులు ఎవరి దగ్గరో తెచ్చి బిగించుకుని, పత్రం చేతికి రాగానే విప్పి తిరిగి ఇచ్చేవాళ్లు. ఆ మోసాన్ని పట్టడానికే చెవి పుట్టింది. లోహంలో కంటికి కనిపించని రేణువులుంటాయి. బండి ఎగిరిపడినప్పుడల్లా అవి వెంట్రుకలో వెయ్యో వంతు జరుగుతాయి, మళ్లీ వెనక్కి రావు. ఒకే దారిలో కలిసి తిరిగిన చక్రానికీ చట్రానికీ ఒకే కుదుపులు ఒకే వరసలో తగిలి ఉంటాయి. చెవి ఒక సన్నని ధ్వనిని లోహంలోకి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వేలెడంత స్ఫటికంతో వింటుంది. బండీ దాని భాగాలూ ఎంతకాలం కలిసి బతికాయో నూటికి ఒక అంకె చెబుతుంది. దాని పేరు సహవాస సూచిక. అరవై దాటితే పాస్.

మోక్షిత బస్సుకు ముప్పై ఒకటి వచ్చింది.

కేంద్రం ఇంజనీరు రయాన్ ఫలితాన్ని రెండుసార్లు చూసి, ఆమె ముఖంలోకి చూశాడు. ముప్పై అయిదేళ్ల మనిషి. రోజూ అబద్ధాలు వినీ వినీ అలసిపోయిన చూపు.

“వెనక చక్రాలు రెండూ అరువువి. ఎవరియమ్మా?”

“నావే సార్. రెండేండ్ల కింద కొత్తవి ఏయించిన. బిగించిన పత్రం గూడ ఉంది.”

“పత్రాలు అందరి దగ్గరా ఉంటయి.”

“అంటే నేను దొంగనంటరా?”

“నేనంటలేను. చెవి అంటోంది.”

నిబంధనలు ఆమెకు బాగానే తెలుసు. మొదటిసారి తప్పితే పద్నాలుగు రోజుల గడువు. తప్పిన భాగాన్నే మళ్లీ చూస్తారు, అదీ ఇదే కేంద్రంలో. రెండోసారీ తప్పితే బస్సు తుక్కుకు పోతుంది. అయితే పంతొమ్మిదో నిబంధన ఒకటుంది: యజమాని కోరితే నిపుణుల ముందు యంత్రాన్ని కారణం అడగవచ్చు. కేంద్రాలు తెరిచి, రయాన్ ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలో ఎవరూ అలా కోరలేదు. మోక్షిత అక్కడే నిలబడి అర్జీ రాసి ఇచ్చింది. ఆమెకు అందరి మీదా అనుమానంగానే ఉంది. కొత్త బస్సు కొనిపించడానికి ఆడుతున్న నాటకమా? ఈ ఇంజనీరు ఏమైనా ఆశిస్తున్నాడా? లేక పాత బండ్లు కనబడితే తుక్కులో కలిపెయ్యమని ఆ మిషనుకే నేర్పారా?

విచారణ తొమ్మిదో రోజున పెట్టారు. బస్సు కదలదు కాబట్టి మోక్షిత తమ్ముడు దక్షిత్ తన ట్రాలీ మీద ఎక్కించి తీసుకొచ్చాడు. దక్షిత్ మెకానిక్. శని, ఆదివారాలూ సెలవు రోజులూ బస్సు అతని షెడ్డులోనే ఉంటుంది. ఆ ఎనిమిది రోజులూ గూడేల పిల్లలు బడికి రాలేదు.

నిపుణురాలిగా డాక్టర్ సంహిత వచ్చారు. అరవైకి దగ్గరపడిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. చెవిని తయారు చేసిన ముగ్గురు శాస్త్రవేత్తలలో ఆమె ఒకరు. ఆ పేరు వినగానే మోక్షితకు కొంచెం ధైర్యం వచ్చింది. కన్నతల్లికి తెలియకుండా మిషను ఎంతకని దాస్తుంది?

సంహిత యంత్రాన్ని అడిగారు. “ఈ చక్రాలు అరువువని ఎలా చెప్పావు?”

“వెనక చక్రాల లోహంలో ఈ చట్రంతో పొత్తు కుదరని ప్రయాణాలు ఉన్నాయి,” అంది చెవి. దాని గొంతు వార్తలు చదివే గొంతులా ఉంది. “అవి పంతొమ్మిది వేర్వేరు చట్రాలతో చేసినవి. ప్రతిదీ ఒక్క పూట ప్రయాణమే.”

“ఏయే రోజుల్లో?”

“తేదీ నేను చెప్పలేను. బడి దారి కుదుపులు అయిదు రోజులు వరసగా ఉన్నాక, విరామంలో ఇవి ఉన్నాయి.”

అయిదు రోజుల తర్వాత విరామం. మోక్షిత ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది. దక్షిత్ చేతిలోని గుడ్డతో తుడిచిన వేలినే మళ్లీ మళ్లీ తుడుచుకుంటున్నాడు.

“ఆదివారం బస్సు యాడుంటదిరా?”

అతడు గుడ్డను మడిచి జేబులో కుక్కుకున్నాడు.

“నిన్నే అడుగుతున్న. నా చక్రాలు ఎవలికిచ్చినవ్?”

“దోస్తులకక్కా.” అన్నాడు దక్షిత్. “పరీక్షకని అడిగిన్రు. ఊరికెనే ఇచ్చిన. పొద్దుగాల ఇప్పి, సాయంత్రానికి మళ్ల బిగించిన. నీకేం నష్టం కాలేదనుకున్న.”

“నష్టం కాలేదా? ఎనిమిది రోజులాయె పిల్లలు బడి మొఖం చూడక!”

“గిట్లయితదని నాకేం ఎరుక? చెవి ఒచ్చినంక గూడ కొంతమంది పాసయిన్రు. అందుకే ఇచ్చిన.”

ఆమెకు చెయ్యెత్తి కొట్టాలనిపించింది. కొట్టలేదు. తొమ్మిది రోజులుగా ఆమె ప్రభుత్వాన్ని అనుమానించింది, ఇంజనీరును అనుమానించింది, నోరు తెరిస్తే నిజం తప్ప చెప్పని మిషనును అనుమానించింది. బస్సు తాళం మాత్రం శుక్రవారం శుక్రవారం తన చేత్తోనే తీసుకెళ్లి ఇతడికి ఇచ్చింది.

రయాన్ నిట్టూర్చాడు. “తేలిపోయింది కదా మేడమ్. పంతొమ్మిది మందికి తిప్పిండు.”

“ఆరుగురికే!” దక్షిత్ తలెత్తాడు. “ఆరు బండ్లే సార్. కావాలంటే పేర్లు చెప్త.” అతడు వేళ్లు మడుస్తూ ఆరు పేర్లు చెప్పాడు. ఏడో వేలు మడవలేదు.

“మిషను పంతొమ్మిదంటోంది.”

“మిషను ఏమన్న అననీ. నేనిచ్చింది ఆరుగురికి.”

మోక్షితకు తమ్ముడు తెలుసు. చిన్నప్పటి నుంచీ దొరికేదాకా అబద్ధమాడతాడు. దొరికాక ఒక్కటి కూడా దాచుకోడు. ఇప్పుడు అతడి కళ్లలో ఉన్నది ఆ రెండో రకం.

“మేడమ్,” అంది సంహితతో, “నా తమ్ముడు తప్పు చేసిండు, నిజమే. కానీ ఆరంటే ఆరే. మిగతా పదమూడు బండ్లు యాడికెల్లి ఒచ్చినయి?”

“దొరికినవాళ్లు తగ్గించే చెబుతారమ్మా,” అన్నారు సంహిత. ఆ మాట అవసరమైనదానికంటే త్వరగా వచ్చింది. “విచారణ ముగిద్దాం.”

ఆ త్వరే మోక్షితకు నచ్చలేదు.

“బండ్లను చెవి పరీక్ష చేస్తది. చెవిని ఎవలు చేస్తరు?”

“ఏడాదికోసారి పైనుంచి వచ్చి చూస్తరు,” అన్నాడు రయాన్.

“అదీ లోహమే కద సార్. దాని భాగాలను దాన్నే వినమనండి.”

“అది అవసరం లేదు,” అన్నారు సంహిత.

రయాన్ ఆమె వైపు చూశాడు. అప్పటిదాకా మోక్షిత మీద ఉన్న అలసిన చూపు ఇప్పుడు డాక్టర్ మీదికి మళ్లింది. “పంతొమ్మిదో నిబంధనలో యజమాని ఏ ప్రశ్నయినా అడగొచ్చని ఉంది మేడమ్,” అని, మీట నొక్కాడు.

చెవి తనను తాను వినడానికి నాలుగు నిమిషాలు తీసుకుంది.

“నా స్ఫటికం నాది కాదు,” అంది చివరికి. “గత ఏడాదిలో అది ఈ యంత్రంలో నూట యాభై ఆరు రోజులే ఉంది. మిగిలిన రోజులు మరో రెండు యంత్రాలలో ఉంది. అక్కడ విన్న బండ్ల శేషనాదం దానిలో మిగిలింది. ఈ చక్రాల లెక్కలో పదమూడు ప్రయాణాలు ఆ శేషనాదం కావచ్చు. నా సహవాస సూచిక ఇరవై ఎనిమిది. నేను యోగ్యతా పరీక్షలో తప్పాను.”

రయాన్ కుర్చీలో కూలబడ్డాడు. “వారానికోసారి స్ఫటికాన్ని సర్దుబాటు కోసమని పెట్టెలో పెట్టి పంపిస్తున్న,” అన్నాడు తనలో తానే. “నాలుగు రోజులకు మళ్ల వస్తది. ఆ నాలుగు రోజులు ఇక్కడ పలక పెడత. అది యాడికి పోతదో నేనెన్నడు అడగలే.”

నీలవాయి పలక, కొండాయిగూడెం పలక మోక్షిత కళ్ల ముందు వెలిగాయి. మూడు కేంద్రాలకూ కలిపి ఉన్నది ఒక్కటే చెవి. అరువు చక్రాల్లాగే అదీ ఒకరి దగ్గర విప్పి ఇంకొకరికి బిగించేది.

సంహిత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“మూడు స్ఫటికాలు పెంచాం. స్ఫటికం తయారవడానికి నెలలు పడుతుంది. రెండు పగిలిపోయాయి. ప్రారంభోత్సవం తేదీ అప్పటికే చెప్పేశారు. మిగతావి వచ్చేదాకా సర్దుకుందామని మూడు కేంద్రాలకూ నేనే సంతకం పెట్టాను. కొత్తవి ఇప్పుడు పెరుగుతున్నాయి. ఇంకో నాలుగు నెలలు, అంతే.”

“నాలుగేండ్ల కింద గూడ నాలుగు నెలలే అనుకున్నరా మేడమ్?” అంది మోక్షిత.

సంహిత కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. గొంతు తగ్గించి అన్నారు. “ఈ మాట బయటికి పోతే మూడు కేంద్రాలూ మూతపడతాయి. ఇచ్చిన పత్రాలన్నీ రద్దవుతాయి. జిల్లాలో ఒక్క బండీ కదలదు. అంబులెన్సులు కదలవు. మీ పిల్లల బస్సూ కదలదు. మీ బండికి ఇప్పుడే పాస్ ఇస్తాం. మీ తమ్ముడి మీద ఏమీ రాయం. ఆలోచించుకోండి.”

“తీసుకో అక్కా,” అన్నాడు దక్షిత్ నేల చూస్తూ.

మోక్షిత చాలాసేపు కిటికీ బయటికి చూసింది. వరసలో తొమ్మిది బండ్లున్నాయి. డ్రైవర్లు నీడన చేరి టీ తాగుతున్నారు.

“ముందుగాల నా బ్రేకులు చూడండి,” అంది రయాన్‌తో. “చెవితోటి వద్దు. చక్రం ఇప్పి, కండ్లతోటి చూడండి.”

రయాన్ చొక్కా చేతులు మడిచాడు. దక్షిత్ జాకీ వేశాడు. ఇద్దరూ చక్రాలు విప్పి, మందం కొలిచి, చిన్న సుత్తితో కొట్టి విని, మళ్లీ బిగించి, పరీక్ష కోసం మోటారు తాళం తెరిచి, ఆవరణలో మూడుసార్లు బస్సును పరుగెత్తించి ఆపారు. రెండు గంటలు పట్టింది. “మంచిగున్నయి,” అన్నాడు రయాన్ చెమట తుడుచుకుంటూ. చాలా కాలానికి తన కళ్లను తాను నమ్మినట్టుంది ఆ ముఖం. “బండి పక్కాగ ఉంది.”

అప్పుడు సంహిత కాగితం ముందుకు జరిపారు. ‘యజమానికి కారణాలు సంతృప్తికరంగా వివరించబడినవి’ అని ఉంది. మోక్షిత దాన్ని రెండుసార్లు చదివింది. బస్సు మంచిగా ఉందన్న మాట నిజం. తాను సంతకం పెట్టేదాంట్లో అబద్ధం ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం కష్టం. ఎనిమిది రోజులుగా గూడేల చివర నిలబడి రోడ్డు వైపు చూస్తున్న పిల్లలు గుర్తొచ్చారు. సంతకం పెట్టింది. రయాన్ ముందద్దానికి ఆకుపచ్చ చీటీ అతికించాడు.

గేటు దగ్గర పాల వ్యాను డ్రైవరు ఆమెను ఆపాడు. పాల మరకలు పట్టిన చొక్కా, మంచి నవ్వు.

“అంతసేపు లోపలున్నరు, ఏమైందక్కా? చెవి సరిగ్గ చెప్తదా? నమ్మొచ్చా?”

మోక్షిత అతడి వ్యాను చక్రాల వైపు ఒకసారి చూసింది. కొత్తగా మెరుస్తున్నాయి.

“మంచిగనే చెప్తది,” అంది.

ఆ సాయంత్రమే బడికి వెళ్లి, ఎనిమిది రోజుల తర్వాత పెద్దవాళ్ల బండ్ల మీద వచ్చి చేరిన పన్నెండు మంది పిల్లలను ఎక్కించుకుంది. గూడేలకు పోవాలంటే గుట్ట దిగాలి. ఏడు మలుపుల దారి, ఒక పక్క లోయ. మొదటి మలుపు దగ్గర అద్దంలో పాల వ్యాను కనిపించింది. ముందద్దం మీద ఆకుపచ్చ చీటీ తళతళలాడుతోంది. నిండు లోడు. వేగంగా వస్తోంది.

మోక్షిత బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపింది. చెయ్యి బయటపెట్టి, పొమ్మని ఊపింది. డ్రైవరు గుర్తుపట్టి, మర్యాదకు మురిసిపోయి, హారన్ కొట్టి ముందుకు వెళ్లాడు.

“ఎందుకు ఆపినవ్ ఆంటీ?” వెనక సీటులోంచి ఒక పిల్ల అడిగింది.

“ఆయనకు తొందరున్నట్టుంది బిడ్డా. పోనిద్దాం.”

వ్యాను కింద మూడో మలుపు దాటి కనుమరుగైంది. ఇక బయల్దేరదామని ఆమె అద్దంలోకి చూసింది. గుట్ట మీద నుంచి ఇసుక లారీ ఒకటి దిగుతోంది. దాని వెనక జీపు. జీపు వెనక ఇంకేదో. అన్నిటి ముందద్దాల మీదా ఆకుపచ్చ చీటీలే.

మోక్షిత బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు.