నీళ్ళ మీద లేచిన చెయ్యి

ఏటా కోతలయ్యాక కుల్గారా సరస్సు ఒడ్డున మా క్లబ్బు వాళ్ళు పాత పడవల పండగ చేస్తారు. షెడ్లలో మూలుగుతున్న చెక్క స్పీడుబోట్లని దుమ్ము దులిపి, వార్నిష్ పూసి, ట్రైలర్ల మీద ఈడ్చుకొస్తారు. ఒడ్డంతా పెట్రోలు వాసన, పెనం మీద వేగే ఉల్లిపాయల వాసన. ముసలాళ్ళు పొట్టలు లోపలికి బిగబట్టుకుని, ఒకప్పుడు తామెంత స్పీడుగా పోయేవాళ్ళో కోతలు కోస్తుంటారు. ఆ స్పీడు ఏటేటా పెరుగుతూనే ఉంటుంది.

నేను ఆ పండగకి వెళ్ళడం ఎప్పుడో మానేశాను. ఆ ఏడు వెళ్ళానంటే మా అమ్మాయి ట్రూడీ కోసం.

"అమ్మా, నాన్న డోరాని మళ్ళీ దింపుతున్నాడు. వెనకాల స్కీ మీద నేనే. నువ్వు రాకపోతే నీతో మాట్లాడను" అంది ఫోనులో.

డోరా మా ఆయన రెక్స్ పడవ. మాజీ మా ఆయన అనాలి. పడవకి వాళ్ళమ్మ పేరు పెట్టుకున్నాడు. ఆవిడ లాగే దానికీ నోరెక్కువ. ఇంజను మొదలెట్టిందంటే పక్కవాడి కేక కూడా వినపడదు. వయసులో ఉన్నప్పుడు మా తమ్ముడు లైల్ ఆ పడవ వెనకాలే తాడు పట్టుకుని, కాళ్ళకి స్కీ పలకలతో నీళ్ళ మీద జారుతూ, పందేలన్నీ గెలిచాడు. వాడిది ఎడమచేతి వాటం. ఒకసారి తాడు చుట్ట పడి వాడి ఎడమచేతి ఉంగరపు వేలు మొదలంటా తెగిపోయింది. "ఇంకేముందక్కా, పెళ్ళి గొడవ తప్పింది" అని పగలబడి నవ్వాడు ఆసుపత్రిలో. అలాంటి వెధవ.

వాడు పోయింది కూడా ఈ నీళ్ళలోనే.

ఆనకట్ట కట్టినప్పుడు చెట్లు కొట్టకుండానే నీళ్ళు వదిలేశారు. అవన్నీ చచ్చి, తెల్లబారి, సరస్సు మధ్యలో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పందెంలో ఆ చెట్ల దగ్గరే లైల్ పడిపోయాడు. మా ఆటలో పడిపోయినవాడు నీళ్ళలోంచి చెయ్యెత్తితే, 'నేను బాగానే ఉన్నాను, వచ్చి తీసుకెళ్ళండి' అని అర్థం. పడవలో వెనక్కి తిరిగి కూర్చునే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి కూడా చెయ్యెత్తి జవాబివ్వాలి. 'చూశాను, వస్తున్నాం' అని. ఆ జవాబు చూశాక వెనక వచ్చే పడవలు ఆగవు, పక్కనించి పోతాయి. జవాబిచ్చినవాళ్ళు మాత్రం వెళ్ళి తీరాలి.

ఆ రోజు అలా కూర్చున్నది మెర్విన్. లైల్ ఎడమ చెయ్యి పైకి కనిపించింది. మెర్విన్ జవాబిచ్చాడు. రెక్స్ తాపీగా పడవ తిప్పాడు. వెనక వచ్చే పడవల్లో ఒకటి ఆ జవాబు చూసి ఆగకుండా సరిగ్గా వాడి మీంచే పోయింది. వీళ్ళు వెళ్ళేసరికి చెయ్యి ఇంకా ఎత్తే ఉంది, చెట్టు పంగలో ఇరుక్కుని. మోచెయ్యి వరకే ఉంది. మిగతా లైల్ కింద ఎర్రబడ్డ నీళ్ళలో తిరుగుతున్నాడు. చెయ్యి పంగలో ఇరుక్కుని లేచిందే తప్ప, వాడు ఎత్తింది కాదు.

మెర్విన్ అప్పటినించీ చెయ్యెత్తడు. ఎవరైనా పలకరిస్తే గడ్డం ఊపుతాడు. క్లబ్బు ఓటింగుల్లో కూడా అంతే, అతనికి విడిగా ఓటు అడగాల్సిందే.

నేను వెళ్ళేసరికి రేవు దగ్గర అతనూ రెక్సూ తగూలాడుకుంటున్నారు.

"గోడ మీద పిడి ఎవరు తీశారు?" అన్నాడు మెర్విన్.

తాడు చివర పట్టుకునే చెక్క పిడి అది. లైల్ తన చేత్తో చెక్కుకున్నది. వేలు లేని చోట పట్టు కుదరాలని అక్కడ చిన్న బుడిపె ఉంచాడు. వాడు పోయాక క్లబ్బు గోడకి మేకు కొట్టి తగిలించారు. మా దగ్గర అదే ఆచారం. పోయినవాడి పిడి మళ్ళీ తడవకూడదు.

"నేనే తీశా. నా పడవ, నా బావమరిది. నీకెందుకంత నొప్పి?" అన్నాడు రెక్స్.

"దాన్ని నీళ్ళకి చూపించకు రెక్స్."

"నీళ్ళకేమన్నా కళ్ళున్నాయా, ముసలోడా? పాత పడవ అన్నాక పాత పిడే అందం. ఫొటోలు తీస్తారు."

ఇంతలో మరో గొడవ. వెనక్కి చూడాల్సినవాడు పొద్దున్నే బీరు పట్టించి కారులో పడి ఉన్నాడట. ఆ మనిషి లేకుండా పడవ కదలనివ్వరు. రెక్స్ నావైపు తిరిగి ఇకిలించాడు.

"గ్లెనిస్, నువ్వెక్కు. ఎలాగూ వెనకటివి తవ్వడమేగా నీ పని."

"నీ మొహం చూస్తూ కూర్చోవడం కన్నా వెనక్కి చూడ్డమే నయం" అన్నాను.

ట్రూడీ కిలకిలా నవ్వింది. పసుపుపచ్చ లైఫ్ జాకెట్, తలకి హెల్మెట్. ఆ నవ్వు చూసే ఎక్కాను. లేకపోతే ఆ పడవలో కాలు పెట్టేదాన్ని కాదు.

మెర్విన్ నా చేతికి టీ ఫ్లాస్కు అందిస్తూ చెవి దగ్గరికి వంగాడు. "పిల్ల పడితే చేతికి జవాబివ్వకు. పేరు పెట్టి పిలు. పలికితేనే వెళ్ళు" అని గుసగుసలాడాడు.

"సరేలే" అన్నాను. ముసలాడి చాదస్తం అనుకున్నాను.

పొద్దు వాలుతోంది. చుట్టుపక్కల రైతులు గోధుమ మోళ్ళు తగలబెట్టారు. గాలి లేదు. పొగంతా నీళ్ళ మీదికి దిగి పరుచుకుంటోంది. సూర్యుడు ఎర్రగా, చిన్నగా కనిపిస్తున్నాడు. కాలిన గడ్డి వాసన గొంతులో గరగరలాడుతోంది. అయినా రెక్స్ ఆగలేదు, ఒడ్డున కెమెరాలున్నాయి కదా.

డోరా అరిచింది. తాడు బిగుసుకుంది. ట్రూడీ నీళ్ళలోంచి లేచి నిలబడింది. పిడి నడుము వెనక్కి పెట్టుకుని, మోకాళ్ళు వంచి, ఎంత బాగా వస్తోందో! నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మోతలో మాటలుండవు, అన్నీ సైగలే. బొటనవేలు పైకెత్తితే వేగం పెంచు. అరచెయ్యి కిందికి ఊపితే తగ్గించు. మెడ మీద గీత గీస్తే ఆపు. ట్రూడీ బొటనవేలు ఎత్తింది. నేను రెక్స్‌కి చూపించాను. వాడు పెంచాడు.

చచ్చిన చెట్ల దగ్గరికి వచ్చేసరికి పొగ దట్టంగా కమ్మేసింది. తాడు సగం దాకే కనిపిస్తోంది. ఆ తర్వాత బూడిదరంగు.

తాడు ఒక్కసారి వదులైంది.

"పడింది!" అని అరుస్తూ రెక్స్ భుజం మీద చరిచాను. వాడు వేగం తగ్గించాడు. ఇంజను గుర్రుగుర్రుమంటోంది. నేను పొగలోకి చూస్తున్నాను. ఏమీ లేదు... తెల్లటి కొమ్మలు... మళ్ళీ పొగ.

అప్పుడు కనిపించింది. నీళ్ళలోంచి నిటారుగా ఒక చెయ్యి.

చెయ్యి కనిపిస్తే చెయ్యెత్తడం మా ఒంట్లో ఉన్న అలవాటు. మెర్విన్ మాట గుర్తొచ్చే లోపలే నా చెయ్యి లేచిపోయింది. కూతురు బాగానే ఉందన్న సంతోషంలో ఎత్తాను. ఆ చేతికి వేళ్ళెన్ని ఉన్నాయో చూసుకోలేదు.

రెక్స్ పడవ తిప్పాడు. తాడు నీళ్ళ మీద పెద్ద వంపు తిరిగి, పిడి ఆ చెయ్యి ఉన్న చోటికి పాకుతూ వెళ్ళింది. తాడు మెల్లగా బిగుసుకుంది. పొగలోంచి బొంగురుగా వినిపించింది.

"పోనీ..."

పిడి అందాక స్కీ మనిషి అనే మాటే అది. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది ఆ గొంతు. రెక్స్ అప్పటికే ఇంజను రెచ్చగొట్టాడు. వినపడలేదు.

పొగలో ఒక ఆకారం లేచి నిలబడింది.

ట్రూడీ నడుము వంచి వస్తుంది. ఈ ఆకారం నిటారుగా వస్తోంది. తలకి హెల్మెట్ లేదు. పసుపుపచ్చ జాకెట్ ఏదీ? పొగ కాస్త విచ్చుకుంది. చారల ఫుట్‌బాల్ స్వెటరు. నేను అల్లిందే. కుడిచేత్తో పిడి పట్టుకుంది. స్వెటరు ఎడమ చెయ్యి మోచేతి దగ్గర్నించి ఖాళీగా గాలికి టపటపా కొట్టుకుంటోంది.

నేను రెక్స్ వైపు తిరిగాను. ఏమని చెప్పను? దానికి మా దగ్గర సైగ లేదు. మెడ మీద గీత గీశాను. మళ్ళీ గీశాను. గొంతు చించుకుని అరిచాను. వాడు నన్ను చూడటం లేదు. ఎదురుగా ఉన్న, వెనకవైపు కనిపించే గుండ్రటి అద్దంలోకి చూస్తున్నాడు. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది. కాలు మాత్రం అదిమి పెట్టే ఉంది.

ఆ ఆకారం పక్కకి జారింది. తాడు బిగించుకుంటూ, విసురుగా, పడవ పక్కకే వచ్చేసింది... రెక్స్‌కి చెయ్యి చాపితే తగిలేంత దగ్గరికి. మొహంలో సగం లేదు. ఆ మిగిలిన సగం నావైపు తిరిగింది. పెదవి కదిలింది. ఈసారి చదవగలిగాను.

అక్కా.

రెక్స్ ఊళపెట్టాడు. నేను ముందుకి చూశాను. ముందు నీళ్ళలో పసుపుపచ్చగా తేలుతోంది ఏదో. హెల్మెట్... జాకెట్... నా కూతురు. డోరా ముక్కు సరిగ్గా దాని మీదికే పోతోంది.

స్టీరింగు మీద పడ్డాను. రెక్స్ వదలడే! మోచేత్తో నా మొహం మీద పొడిచాడు, ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. ఫ్లాస్కు అందుకుని వాడి చెవి మీద బలమంతా పెట్టి కొట్టాను. ఇంకోసారి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నా చేతికి తెలిసింది. చక్రం గిర్రున తిరిగింది. పసుపుపచ్చ జాకెట్ పక్కనించి జరుగుతూ పోయింది. తర్వాత చెట్టు.

కళ్ళు తెరిచేసరికి ఇంజను ఆగిపోయింది. డోరా ముందు సగం చెట్టుకి పీలికలై వేలాడుతోంది. నా నోట్లో పళ్ళు ఊడి నాలుక మీద పడి ఉన్నాయి. రెక్స్ సీట్లోనే ఉన్నాడు. విరిగిన పలక ఒకటి తొడలోంచి దిగి సీటుకి గుచ్చేసింది. తాడు చుట్ట వాడి ఎడమ మోచేతికి పడి ఉంది.

పడవ ఆగితే తాడు వదులవ్వాలి.

అది బిగుసుకుంటోంది. పొగలోకి... మెల్లగా... కిర్రుమంటూ.

"గ్లెనిస్..." అన్నాడు రెక్స్. "కొయ్యి. తాడు కొయ్యవే..."

కత్తి కోసం తడిమాను. తాడు ఒక్క గుంజు గుంజింది. రెక్స్‌ని సీట్లోంచి లేపేసింది. తొడలోని మాంసం ఆ పలకకే ఉండిపోయింది. వాడి అరుపు నీళ్ళ మీద పొగలోకి దూరంగా పోయి, పుటుక్కున ఆగింది.

తర్వాత పొగలోంచి ఒక చెయ్యి లేచింది. వాచీ ఉంది. రెక్స్ చెయ్యే.

నేను నా చేతులు రెండూ చంకల్లో దూర్చుకున్నాను. ముందుకి తిరిగి, "ట్రూడీ!" అని పిలిచాను.

"అమ్మా" అని ఎక్కడో సన్నగా పలికింది.

దూకాను. ఎలా ఈదానో తెలీదు. జాకెట్ పట్టుకుని, చెట్టుకి ఆనుకుని, జనం వచ్చేదాకా దాని మొహం నీళ్ళ పైన ఉంచాను. దాని ఎడమ చెయ్యి మంచుముక్కలా ఉంది.

"ఎవరో చెయ్యి పట్టుకున్నారమ్మా" అంది పళ్ళు కొట్టుకుంటూ. "కింద నించి."

"చెయ్యెత్తావా నువ్వు?"

"లేదు. ఎత్తనివ్వలేదు."

రెక్స్ మర్నాడు దొరికాడు. ఎడమ చెయ్యి మోచేతి నించి లేదు. పడవ ప్రమాదంలో అలాంటివి మామూలే అన్నారు పోలీసులు. లైల్ పిడి ఎంత వెతికినా దొరకలేదు. దహనానికి వచ్చిన మెర్విన్ నా మొహం ఒకసారి చూశాడు. "జవాబిచ్చావా?" అనడిగాడు. నేను ఏడ్చాను. అతను గడ్డం ఊపి వెళ్ళిపోయాడు.

ట్రూడీ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. పగలంతా మామూలే. తింటుంది, నా వంటకి వంకలు పెడుతుంది, రేడియో గట్టిగా పెట్టి నాతో తిట్లు తింటుంది. పొద్దు వాలేసరికి మాత్రం వరండాలో కుర్చీలోనే నిద్రపోతుంది. కాసేపటికి ఎడమ చెయ్యి లేస్తుంది. నిటారుగా, అరచెయ్యి విప్పి. మోచేతి మీంచి నీళ్ళు కారి నేల మీద పడుతుంటాయి. కాలిన గడ్డి వాసన వస్తుంది.

నేను ఎదురుగా కూర్చుంటాను. చేతులు చంకల్లో దూర్చుకుని, మెర్విన్ చెప్పినట్టు పేరు పెట్టి పిలుస్తాను. ట్రూడీ... ట్రూడీ... పలకదు. అది నిజంగా నా కూతురే అయితే? 'అమ్మా, వచ్చి తీసుకెళ్ళు' అని అదే అడుగుతుంటే? కన్నతల్లిని, ఎదురుగా కూర్చుని కూడా జవాబివ్వలేకపోతున్నాను. నా ప్రాణం అక్కడే ఉంది, ఆ చేతిలో.

పొద్దున టీ కప్పు పట్టుకున్నప్పుడు దాని వేళ్ళన్నీ చూస్తాను. అన్నీ ఉంటాయి. సాయంత్రం ఆ చెయ్యి లేచినప్పుడు మాత్రం ఉంగరపు వేలు కనిపించేది కాదు. నిద్రలో మడిచి ఉంచుకుందిలే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నిన్న ధైర్యం చేసి దగ్గరికెళ్ళి చూశాను.

మడిచి లేదు.